‘మా’ ఎవరి మాట?

తెలుగువాళ్లం రోజుకు ఎన్నిసార్లు ‘మా’ అంటామో ఎవరైనా లెక్కపెట్టారో లేదో గాని, పెడితే వంద దాటడం కష్టమేమీ కాదు. మా వూరు, మా యిల్లు, మా రూమ్మేటు, మా బస్సు తప్పిపోయింది, మాకు మార్కులు తక్కువేశారు. తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కొడుకైనా సరే, "నా నాన్న" అనడు. "మా నాన్న" అనే అంటాడు. ఇల్లాలు భర్తను గురించి చెబుతూ "మా ఆయన" అంటుంది. ఆ ‘మా’లో ఇంకెవరున్నారమ్మా అని అడిగితే చీవాట్లు తప్పవు. అందులో వున్నది యిల్లు. ఆ యింటి మనుషులందరి తరఫునా ఆ ఒక్క అక్షరమే మాట్లాడుతుంది.

అక్షరం ఒక్కటే అయినా దాని చుట్టూ ఒక గోడ వుంది. ‘మా’ అంటే మేమే, నువ్వు కాదు. ‘మన’ అంటే నువ్వూ నేనూ అందరమూ. కాలేజీలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి గమనించండి. జులైలో "మీ కాలేజీలో క్యాంటీను ఎక్కడండీ?" అంటాడు. దసరా సెలవులకు వూరెళ్లి, స్నేహితుల దగ్గర "మా కాలేజీలో" అని మొదలెడతాడు. ఏడాది తిరిగేసరికి సీనియర్ల పక్కన కూచుని "మన కాలేజీ" అంటాడు. ఎవరూ నేర్పకుండానే ఆ కుర్రాడు మూడు మెట్లు ఎక్కాడు. ఇంగ్లీషువాడికి ఈ మెట్లు లేవు. ‘అవర్’ అంటే అందులో ఎదుటివాడు వున్నాడో లేడో సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసిందే. హిందీ ‘హమారా’ పరిస్థితీ అంతే. తమిళంలో ‘నాంగళ్, నామ్’ అనీ, మలయాళంలో ‘ఞంగళ్, నమ్మళ్’ అనీ ఈ తేడా నిలిచి వుంది. కన్నడిగులు మాత్రం దాన్ని ఎప్పుడో వదిలేసుకుని ఒక్క ‘నావు’తో సరిపెట్టుకుంటున్నారు. మరాఠీలో ‘ఆమ్హీ, ఆపణ్’, గుజరాతీలో ‘అమే, ఆపణే’ అని రెండేసి మాటలున్నాయి. ఉత్తరాది అక్కచెల్లెళ్లకు లేని ఈ వెసులుబాటు వాళ్లకు మన పొరుగున వుండడం వల్ల అబ్బిందని కొందరు భాషావేత్తల ఊహ. సముద్రం దాటి వెళితే మలయ్ భాషలోనూ ‘కామి, కితా’ అని ఈ రెండూ కనిపిస్తాయి.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఈ ‘మా’ ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నదగ్గరే గొడవ మొదలవుతుంది. మా హాస్టల్లో నిజంగానే మొదలైంది. చరిత్ర విభాగంలో పాత దస్తావేజులు చదవడం కోసం ఫార్సీ నేర్చుకుంటున్న మిత్రుడొకడు ఓ రాత్రి భోజనాల దగ్గర పెద్ద విషయం కనిపెట్టినట్టు ప్రకటించాడు: "ఫార్సీలో ‘మా’ అంటే మేము. మీ తెలుగు ‘మా’ గోల్కొండ దర్బారు పెట్టిన భిక్ష!" బల్లకు ఆ చివర కూచున్న గోండు మిత్రుడు, ఆసిఫాబాదు వైపునుంచి వచ్చినవాడు, మాటలు తక్కువవాడు, మజ్జిగ పోసుకుంటూ "మాకూ వుంది, మావ అంటాం" అన్నాడు. ఫార్సీ మిత్రుడు వెంటనే, "అయితే మీరు తెలుగువాళ్ల దగ్గర తీసుకుని వుంటారు. మీ భాషే తెలుగు చెడిపోతే వచ్చింది కదా!" అన్నాడు. గోండు మిత్రుడు మరి మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చదివేది తెలుగు ఎం.ఏ., అందులో ఐచ్ఛికం భాషాశాస్త్రం. ఈ వ్యాసం ఒక రకంగా ఆ రాత్రి చెప్పవలసిన జవాబే.

ముందు గోల్కొండ సంగతి. కుతుబ్‌షాహీలు రాజ్యానికి వచ్చింది 1518లో. నన్నయగారి భారతం పదకొండో శతాబ్దం నాటిది. అందులోనే ‘మా’ నిక్షేపంలా వుంది. నాలుగైదు వందల యేళ్లు ముందున్న మాటను తరవాత వచ్చినవాళ్లు భిక్ష పెట్టడం ఎలా కుదురుతుంది?

తారీఖులతో గెలిచే వాదం మాత్రం సగం వాదమే. అసలు పరీక్ష వేరే వుంది. మాట ఒంటరిగా వుండదు, దానికి కుటుంబం వుంటుంది. ‘మా’ను ఒక్కదాన్నే చూడకుండా దాని తోబుట్టువులతో కలిపి నిలబెట్టండి. తెలుగులో నా, మా, నీ, మీ. గోండీలో నావ, మావ, నీవ, మీవ. కన్నడంలో నన్న, నమ్మ, నిన్న, నిమ్మ. పాత తమిళంలో ఎన్, ఎమ్, నిన్, నుమ్. ఇక్కడ మాటలు పోలివుండడం కన్నా గొప్ప సంగతి ఒకటుంది, చూశారా? ఒక్కరైతే ‘న’కారం, పలువురైతే ‘మ’కారం. తాను, తాము అన్నదగ్గర కూడా అదే లెక్క. నాలుగు భాషలూ ఒకే లెక్క ప్రకారం నడుస్తున్నాయి. ఇప్పుడు ఫార్సీని పక్కన నిలబెట్టండి. నా అనడానికి ‘మన్’, మా అనడానికి ‘మా’, నీ అనడానికి ‘తో’, మీ అనడానికి ‘షొమా’. నాలుగింటిలో కలిసింది ఒక్కటే. పైగా ఆ ‘మన్’ చూడండి: మనకు ‘మన’ అంటే లోకమంతా, వాళ్లకు ‘మన్’ అంటే నేనొక్కణ్ణే!

మరి ఫార్సీ ‘మా’ కథ ఏమిటి? దాన్ని కాలంలో వెనక్కు నడిపిస్తే పొడుగవుతూ పోతుంది. మధ్యయుగపు పారసీకంలో అది ‘అమా’. దరయవహుష్ చక్రవర్తి శాసనాల నాటి పారసీకంలో ‘అమాఖమ్’. దాని పక్కన సంస్కృత ‘అస్మాకమ్’ పెడితే ఎవరి పిల్లో తెలిసిపోతుంది. హిందీ ‘హమ్’ కూడా ఆ ‘అస్మ’ వంశమే. అంటే ఫార్సీ ‘మా’ దగ్గరి చుట్టం హిందీ ‘హమ్’. పైకి వినడానికి పోలికే లేదు. మన ‘మా’తో అక్షరం పొల్లుపోకుండా కలుస్తుంది, చుట్టరికమే లేదు.

మన ‘మా’ను వెనక్కు నడిపిస్తే వేరే దారిన పోతుంది. తెలుగుకు ఒక పాత అలవాటుంది. మాట మొదట్లో వున్న అచ్చును పక్కకు జరిపి హల్లును ముందుకు లాగుతుంది. తమిళంలో ‘ఇరండు’, మనకు ‘రెండు’. తమిళంలో ‘ఉళ్’, మనకు ‘లో’. ‘అవన్’కు దీటైనది మనకు ‘వాడు’. అలాగే ‘ఎన్’ పక్కన ఒక అకారం చేరి తారుమారై ‘నా’ అయింది. ‘ఎమ్’ అదే దారిలో ‘మా’ అయింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ మార్పులను వివరంగా నిరూపించారు. ఇందుకు సాక్ష్యం మన పద్యాల్లోనే వుంది. పాత కవులు ‘ఏను’, ‘ఏము’ అని వాడారు. ఆ తరవాత నా, మా అనే రూపాల ప్రభావంతో ముందుకు హల్లు వచ్చి చేరి నేను, మేము అయ్యాయి. ఏను, ఏము చూసినప్పుడల్లా కవిగారు ఛందస్సు కోసం అక్షరం మింగాడనుకునేవాళ్లు మన తరగతుల్లో చాలామందే వున్నారు. మింగలేదు, అదే అసలు రూపం.

గోండీ కూడా ఈ తారుమారులో మనతో కలిసి నడిచిన భాషే. కాబట్టి ‘మావ’ తెలుగునుంచి తీసుకున్న అప్పు కాదు, తెలుగు చెడగా మిగిలిన ముక్క అంతకన్నా కాదు. ఒకే తల్లి ఇద్దరికీ పంచి యిచ్చిన సొత్తు. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 29 లక్షల పైచిలుకు. ఆదిలాబాదు అడవుల్లో ‘మావ నాటే మావ రాజ్’ అన్న నినాదం విన్నవాళ్లకు, ‘మా వూళ్లో మా రాజ్యం’ అని ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. మొదటి మాట మనదే కదా! గుంజాల అనే వూళ్లో దొరికిన రాతప్రతుల లిపిని 2018లో యూనికోడ్‌లో కూడా చేర్చారు. అయినా మన తరగతి గదుల్లో, హాస్టళ్లలో, "లిపి లేదు, వ్యాకరణం లేదు, యాస" అనే మాట వినబడుతూనే వుంది. ఒకరి భాషను చెడిపోయిన మరొకరి భాష అనడానికి నోరు ఎంత తేలిగ్గా వస్తుందో!

తెలుగుకూ ఈ అవమానం ఒకప్పుడు జరిగింది. 1814లో సెరాంపూరులో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీ వంటి పెద్దలు కూడా తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందన్నారు. మాటలు పోలివున్నాయి కదా, ఇంకేం కావాలి? రెండేళ్లకు, 1816లో, మద్రాసులో ఏ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. దాని ముందు మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక దీర్ఘమైన వివరణ చేర్చాడు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పేర్చి, ఈ భాషలన్నీ ఒక కుటుంబమనీ, సంస్కృతం నుంచి ఇవి అప్పులు తెచ్చుకున్నాయే గాని దానికి పుట్టలేదనీ చూపించాడు. కాల్డ్వెల్ పుస్తకం రావడానికి అప్పటికింకా నలభై యేళ్లుంది. ఎల్లిస్‌కు దన్నుగా నిలిచింది మన పండితులే. తత్సమం, తద్భవం, దేశ్యం అని మన లాక్షణికులు చేసుకున్న విభజనను అతను బందరు వాస్తవ్యుడు మామిడి వెంకయ్యగారి ‘ఆంధ్రదీపిక’ నుంచి తీసుకున్నాడు. ఆ ‘మామిడి’ సంగతి చివర మళ్లీ చెబుతాను.

సంస్కృతం పేరు వచ్చింది గనక అక్కడి ‘మా’లు కూడా చూద్దాం. ఆ యింట్లో ఈ ఒక్క అక్షరానికి నాలుగు గదులున్నాయి. ‘నన్ను’ అనే అర్థంలో ఒక ‘మా’ వుంది. లక్ష్మీదేవికి ‘మా’ అని పేరు. మాధవుడంటే ఆమె భర్త అని ఒక వ్యుత్పత్తి. ‘వద్దు’ అనే నిషేధానికి ‘మా’. కొలవడం అనే ధాతువు కూడా ‘మా’.

నిషేధపు ‘మా’ చాలా పాతది. ప్రాచీన గ్రీకులో ‘మే’, ఆర్మీనియనులో ‘మి’, పాత ఫార్సీ కవిత్వంలో ‘మకున్’ అంటే చెయ్యకు అనేదాంట్లోని ‘మ’, ఇవన్నీ దాని సొంత తోబుట్టువులు. హైదరాబాదులో రోజూ వినే ‘మగర్’ వుంది చూడండి, కాని అనే అర్థంలో. అది ఈ నిషేధపు ‘మ’కు ‘అగర్’ చేరగా అయినమాట. వాల్మీకి నోట వెలువడిన తొలి శ్లోకం మొదలయ్యేది కూడా ఈ ‘మా’తోనే. క్రౌంచపక్షిని కొట్టిన బోయవాణ్ణి శపిస్తున్న ‘మా’ అది. ఐతే పరమ పవిత్రమైన కావ్యం శాపంతో మొదలుకావడం మన వ్యాఖ్యాతల్లో కొందరికి మింగుడు పడలేదు. వాళ్లేం చేశారు? ఆ ‘మా’ను లక్ష్మిని చేసి, పక్కనున్న ‘నిషాద’ను నివాసం చేసి, రెండూ కలిపేశారు. బోయవాడు కాస్తా లక్ష్మీనివాసుడైన విష్ణువు అయిపోయాడు! శాపం మంగళాశాసనంగా మారింది. ఒక్క అక్షరానికి రెండు గదులుంటే ఎంత పని జరుగుతుందో చూడండి. నాకు మాత్రం మొదటి అర్థమే కావ్యానికి అందమనిపిస్తుంది. పక్షి చచ్చిపోయిందని కడుపు మండినవాడి నోట ఆశీర్వచనం ఎందుకొస్తుంది?

కొలిచే ‘మా’ మన నిత్యవ్యవహారంలో కాపురమే పెట్టింది. మాత్ర, పరిమాణం, ప్రమాణం, ఉపమానం, అనుమానం అన్నీ అందులోంచే వచ్చాయి. ఇంగ్లీషు ‘మెజర్’ కూడా లాటిను దారిన వచ్చిన దీని బంధువే. ఇక్కడ విద్యార్థి మిత్రులకు ఒక చిన్న హెచ్చరిక. అనుమానం, అవమానం, అభిమానం మూడూ ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. కాని మొదటిది ‘మా’ ధాతువు పిల్ల: కొలిచి చూసి వూహించడం. తక్కిన రెండూ ‘మన్’ అనే వేరే ధాతువుకు చెందినవి, తలచడం అన్నది వాటి అర్థం. పరీక్షలో అడిగితే రాయండి, ఐదు మార్కులు ఎక్కడికీ పోవు.

‘మా’ అంటే వద్దు, కాదు అన్నచోట ఇంకో వింత. అరబ్బీలోనూ ‘మా’ అంటే కాదు, లేదు. టిబెట్ భాషలో క్రియకు ముందు ‘మ’ చేరిస్తే వ్యతిరేకార్థం. బర్మావాళ్లదీ అదే పద్ధతి. మ్యాపు మీద చూస్తే మధ్యధరా సముద్రం నుంచి ఐరావతీ నది దాకా అడ్డంగా తలూపే ‘మ’లే. ఒకే మాట ఇంత దూరం నడిచిందనడానికి నోరూరుతుంది. కాని ఇవి మూడు వేరు వేరు కుటుంబాలు, ఏ కుటుంబంలో ఆ ‘మ’ ఆ కుటుంబం వేళ్లలోంచే మొలిచింది. అరబ్బీలో ఆ ‘మా’కే ‘ఏది, ఏమిటి’ అనే అర్థం కూడా వుంది; హీబ్రూలోనూ ఏమిటి అంటే ‘మా’యే, అది నిజమైన బంధుత్వం. చక్కటి పిల్లవాణ్ణి చూసి పాతబస్తీలో ‘మాషా అల్లా’ అంటారు. దేవుడు ఏది తలచాడో అది అని దాని భావం. అందులో మొదటి అక్షరం ఈ ‘ఏది’. ఇక నీళ్లకు కూడా అరబ్బీలో మాటు గొంతుతో పలికే ‘మా’ ఒకటి వేరే వుంది.

ఇన్ని చెప్పి అమ్మను వదిలేశావేం అంటారేమో. హిందీ ‘మా’ అమ్మే. అది సంస్కృత ‘మాతా’ అరిగి వచ్చింది. మన ‘అమ్మ’ ద్రావిడం. చీనావాళ్లకూ అమ్మ ‘మా’యే. ఇంగ్లీషు పిల్లలకు ‘మమ్మా’. ఇన్ని కలిసినందుకు ప్రపంచ భాషలన్నీ ఒక్కటేనని పొంగిపోయినవాళ్లు బోలెడుమంది. రోమన్ యాకొబ్‌సన్ అనే భాషావేత్త 1960లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. జార్జి మర్డాక్ అనే మానవశాస్త్రజ్ఞుడు లోకంలోని భాషల నుంచి అమ్మానాన్నల పిలుపులు 1,072 పోగుచేశాడు. అందులో అమ్మవి 531, నాన్నవి 541. అమ్మ మాటల్లో నూటికి 55 ముక్కుతో పలికే ధ్వనులు కలవి. నాన్న మాటల్లో అలాంటివి నూటికి 15. కారణం యాకొబ్‌సన్ చెప్పింది వింటే ఔరా అనిపిస్తుంది. పాలు తాగే బిడ్డకు నోరు ఖాళీ లేదు. చప్పుడు చెయ్యాలంటే ముక్కుతోనే చెయ్యాలి. ఆ ‘మ్మ్’ అనే మూలుగే తరవాత పాలు కావాలన్న అడుగు అవుతుంది, ఆ తరవాత పాలిచ్చే మనిషికి పేరవుతుంది. పేరు పెట్టింది బిడ్డ. పిలిచింది నన్నే అనుకుని పొంగిపోయింది పెద్దవాళ్లు. ఒక్కోచోట ఆ పొంగిపోయేవాడు తండ్రి కూడా కావచ్చు: జార్జియా దేశపు భాషలో ‘మామ’ అంటే నాన్న, ‘దేద’ అంటే అమ్మ! మనకు మామ అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. కనక అమ్మ మాట కలిసిందని చుట్టరికం కలిపితే, ప్రతి ఉయ్యాల దగ్గరా కొత్త చుట్టరికం కలపవలసి వస్తుంది.

చీనా పేరెత్తాం కదా. అక్కడ ‘మా’ను ఒక్క ఎత్తులో సాగదీస్తే అమ్మ, పైకి లేపితే జనుపలాంటి నారమొక్క, దించి లేపితే గుర్రం, పైనుంచి కిందికి కొడితే తిట్టడం. ఏ స్వరమూ లేకుండా వాక్యం చివర తగిలిస్తే ప్రశ్న. థాయిలాండు వాళ్లకు మామూలుగా అంటే రావడం, ఎత్తి అంటే గుర్రం, వంచి లేపితే కుక్క. వియత్నాం వాళ్లు అందరినీ మించారు. ఆరు స్వరాల్లో దయ్యం, చెంప, కాని, సమాధి, గుర్రం, వరినారు. చెంపను సూచించే ‘మా’యే దక్షిణాదిన అమ్మ కూడా. నాట్లు వేసే దేశంలో నారుకు ఒక ‘మా’ మిగలడం నాకు నచ్చింది.

ఇందులో గుర్రం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పాత తెలుగు నిఘంటువులు తిరగేస్తే గుర్రానికి ‘మావు’ అనే పేరు కనిపిస్తుంది. తమిళంలో ‘మా’ అంటే జంతువు. గుర్రం, ఏనుగు కూడా. చీనాలో ‘మా’ గుర్రం. ఇంకేముంది, గుర్రాలతో పాటు మాటా వచ్చిందని రాసెయ్యాలనిపిస్తుంది. మళ్లీ అదే పరీక్ష, వెనక్కు నడిపించాలి. చీనా మాటకు పూర్వరూపం రేఫతో కూడిన ‘మ్ర’ వంటిదని పండితులు తేల్చారు. బర్మావాళ్లు ఇప్పటికీ గుర్రాన్ని ‘మ్ర’తో రాసి ‘మ్యిన్’ అని పలుకుతారు. థాయి, వియత్నాం గుర్రాలు చీనానుంచి దిగుమతి అయిన మాటలు. మన వైపు రేఫ జాడ లేదు. పైగా మనదాని మూలార్థం గుర్రం కాదు, మృగం. రెండు రోడ్లు ఇవాళ ఒక కూడలిలో కలిసినట్టు కనిపిస్తున్నాయి, అంతే. అవి బయల్దేరిన వూళ్లు వేరు.

యూరపులో త్వరగా ఒక చుట్టు చుట్టి వద్దాం. ఫ్రెంచివాడికి ‘మా’ అంటే నా, అదీ స్త్రీలింగం ముందు మాత్రమే. ఇటలీవాడికి ‘మా’ అంటే కాని. లాటిను ‘మాగిస్’ అంటే ‘ఎక్కువగా’ అన్నది అరిగి అలా అయింది. ఆ ‘మాగిస్’, మన తత్సమం ‘మహా’ ఒక తాత మనవలు. పోలండులో ‘మా’ అంటే వాడికి వుంది. హంగరీలో ఈరోజు. జపానుకు పోతే రెండింటి మధ్యనున్న ఖాళీ. అక్కడి సంగీతంలో, నాటకంలో, ఇంటి కట్టడంలో ఈ ఖాళీకి పెద్ద పీట వుంది.

ఎందుకిలా జరుగుతుంది? పెదవులు మూసి తెరిస్తే ‘మ’, నోరు తెరిస్తే ‘ఆ’. ఈ రెండు ధ్వనులూ లేని భాషలు బహు తక్కువ. ఒక భాషకు ఇరవై హల్లులు, ఐదు అచ్చులు వున్నాయనుకోండి, హల్లూ అచ్చూ కలిసిన ఒంటి అక్షరాలు నూరే వస్తాయి. నిత్యం వాడే చిన్న మాటలు - నేను, మేము, కాదు, ఏమి, కాని - ఈ నూటిలోనే సర్దుకోవాలి. వేల భాషలు ఇదే చిల్లరతో బేరాలాడుతుంటే నాణేలు కలవకపోవడమే వింత. పొడుగు మాటలు సైతం ఒక్కోసారి మోసం చేస్తాయి. బద్మాష్‌లోని ఫార్సీ ‘బద్’కూ ఇంగ్లీషు ‘బ్యాడ్’కూ అర్థమూ ఒకటే, ధ్వనీ దాదాపు ఒకటే, బంధుత్వం మాత్రం సున్నా. ఆస్ట్రేలియా ఆదివాసుల భాష ఒకదానిలో కుక్కను ‘డాగ్’ అనేవారు. అదీ ఇంగ్లీషు కాదు.

వారం తరవాత ఈ నాలుగు వరసలూ - నా మా నీ మీ, నావ మావ నీవ మీవ - కాగితం మీద రాసి మెస్సు బల్ల మీద పెట్టాను. ఫార్సీ మిత్రుడు చాలాసేపు చూశాడు. మంచి చదువరి గనక తన వరస తనే కింద రాసుకుని, పెదవి విరిచి, "తో, షొమా కలవడం లేదురా" అన్నాడు. గోండు మిత్రుడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాటినుంచి వాళ్ల వూరి మాటలు ఒక్కొక్కటే తెచ్చి నా నోటుబుక్కులో రాయిస్తున్నాడు. ఇప్పటికి మూడు పేజీలు నిండాయి.

ఇక బాకీ వున్న మామిడి సంగతి. తమిళంలో ‘మా’ అంటే మామిడి చెట్టు కూడా. ‘నన్నూల్’ అనే వ్యాకరణం ఒక్క అక్షరంతోనే మాటయ్యేవి నలభై రెండు అని లెక్క చెప్పింది, ఇది అలాంటి మాట. మలయాళంలో, కన్నడంలో ‘మావు’. మనకు ‘మావి’, ‘మామిడి’. హిందీ ‘ఆమ్’కూ దీనికీ సంబంధం లేదు, అది సంస్కృత ‘ఆమ్ర’. ఈ ‘మా’కు ‘కాయ’ చేరి తమిళంలో ‘మాంగాయ్’, మలయాళంలో ‘మాఙ్ఙ’ అయింది. మిరియాల కోసం కేరళ తీరానికి వచ్చిన పోర్చుగీసులు దాన్ని ‘మంగా’ అని పట్టుకుపోయారు. వాళ్ల దగ్గర్నుంచి అది ఇంగ్లీషులోకి వెళ్లి ‘మ్యాంగో’ అయింది. మా అమ్మ ఈ వేసవిలో పంపిన ఆవకాయ కొన్నది కాదు గనక దాని మీద చీటీ లేదు. బజారు సీసాల మీద మాత్రం ‘మ్యాంగో పికిల్’ అని వుంటుంది. అందులో మొదటి ముక్క మావిచెట్టు, రెండో ముక్క కాయ.